యాత్రకు తగిన చాకు

మానవుడు అగ్నిని వశపరచుకొనుటకు ఎంతో పూర్వమే రాతిని రాతితో పగులగొట్టి వాడియైన అంచును సంపాదించెను. తూర్పు ఆఫ్రికాలో లభించిన అట్టి రాతి పనిముట్ల వయస్సు 25 లక్షల సంవత్సరములకు మించినది. కోయుట, చీల్చుట, చెక్కుట, గీరుట అను నాలుగు పనులు నాడెట్టివో నేడును అట్టివే. రాతి తరువాత కంచు, కంచు తరువాత ఇనుము, ఇనుము తరువాత ఉక్కు వచ్చినవి. ఇల్లు విడిచి అడవికో, కొండకో, నదీతీరమునకో బయలుదేరువాడు నేటికిని సంచిలో పెట్టుకొనదలచు మొదటి వస్తువులలో చాకు ఒకటి.

చాకు అను మాట ఉర్దూ మాటలాడువారికిని తెలుగు మాటలాడువారికిని ఉమ్మడి సొత్తు. అది తుర్కీ నుండి ఫార్సీకి, ఫార్సీ నుండి ఉర్దూకు, అచటి నుండి తెలుగునకు వచ్చి మన ఇంటి మాటయై నిలిచినది. దానికి తోడు కత్తి, కొడవలి, బాకు, మచ్చుకత్తి, కత్తిపీట అను పేర్లు తెలుగున కలవు. మన పూర్వులు పనికొక పనిముట్టును, పనిముట్టుకొక పేరును ఏర్పరచుకొనిరి. పని మారినచో కత్తియు మారవలెనని వారెరుగుదురు. విహారయాత్రలకును, సేవాశిబిరములకును, కొండలెక్కుటకును పోవు మన విద్యార్థులు ఈ సంగతిని తరచు మరతురు. నేనును ఒకప్పుడు మరచినవాడనే.

నేను పట్టపరీక్షకు చదువుచుండగా నల్లమల కొండల పాదముననున్న ఒక గ్రామమున మాకు 7 రోజుల సేవాశిబిరము జరిగెను. దానికి కొలది దినముల ముందు ఒక ఉరుసులో నేనొక మడతచాకు కొంటిని. కొమ్ము పిడి, పిడిపై ఇత్తడి పూవులు, తెరచినపుడు ఠక్కుమను శబ్దము. మిత్రులందరును దానిని చేతిలోనికి తీసికొని చూచి మెచ్చుకొనిరి. శిబిరమున రెండవనాటి సాయంకాలము గుడారపు త్రాడు దూర్చుటకు వెదురుబొంగునకు రంధ్రము చేయవలసి వచ్చెను. నేను చాకుమొనను వెదురుపై ఆనించి బలముగా త్రిప్పితిని. కత్తి ఒక్కసారిగా వెనుకకు మడతపడి నా కుడిచేతి చూపుడువ్రేలిపై మూసికొనెను. ఎవరో వంటశాలకు పరుగెత్తి కాఫీపొడి తెచ్చి గాయమున నింపిరి. ఆసుపత్రికి చేరుసరికి చీకటి పడెను. వైద్యుడు ఆ పొడిని కడిగి తీయుటకే చాలసేపు శ్రమపడి, వ్రేలిని వంచు స్నాయువు తెగినదని చెప్పెను. గాయము మానినది గాని వ్రేలు నేటికిని పూర్తిగా వంగదు. నేను సుద్దముక్కను బొటనవ్రేలికిని నడిమివ్రేలికిని మధ్య పట్టుకొని నల్లబల్లపై వ్రాయుట చూచి, ప్రతి సంవత్సరము క్రొత్త విద్యార్థులు కారణమడుగుదురు. ఈ వ్యాసము వారికి సమాధానము.

అదే శిబిరమున వంటకు వచ్చిన వృద్ధుని వద్ద అరచేతి పొడవు గల పాత చాకొకటి ఉండెను. చెక్కపిడి, నల్లబడిన ఉక్కు. ఆయన దానితో కూరగాయలు తరిగెను, గోనెసంచుల కుట్లు విప్పెను, త్రాళ్లు కోసెను, పుల్లలు చెక్కి పొయ్యి రాజేసెను. వారము రోజులలో ఒక్కనాడును ఆయన చేతికి గాయము కాలేదు. ఆ చాకును చూతుమని ఎవరును అడుగనులేదు.

నా చాకు పండు కోయుటకు చాలును. మొనపై బలము మోపి త్రిప్పు పనికి అది తగదు. ఆ తేడా తెలియకపోవుటయే నా దోషము. కావున పోవు చోటును గాక, అచట చేయబోవు పనిని మొదట తలచి చాకును ఎన్నుకొనవలెను. ఆ పనికి సరిపడు చాకులలో అన్నిటికన్న చిన్నది మేలైనది.

మడతచాకు, మడవని చాకు

నిర్మాణమును బట్టి చాకులు రెండు తెగలు. పిడిలోనికి మడచి జేబులో వేసికొనునది మడతచాకు. పిడియు, కోయు అలుగును కదలక ఒకటిగా నుండి, ఒరలో పెట్టుకొనునది మడవని చాకు.

మడతచాకులలో మరల రెండు విధములు కలవు. మొదటి విధమున అలుగును కేవలము ఒక స్ప్రింగు ఒత్తిడియే తెరచి ఉంచును; వెనుకనుండి బలము తగిలినచో అది మూసికొనును. నేను ఉరుసులో కొన్నది ఇట్టిదే. రెండవ విధమున అలుగు తెరచిన పిమ్మట దానిని కదలనీయని తాళము ఒకటి ఉండును. ఫ్రాన్సు దేశపు సవాయి కొండలలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్కపిడితో సామాన్యమైన మడతచాకును చేసెను. దానికి అలుగును బిగించు లోహపు ఉంగరము 1955లో చేరినది. రైతు ధరకు అందు వస్తువులో సైతము ఇట్టి రక్షణ సాధ్యమని ఆ ఉంగరము నిరూపించినది. కొనునపుడు అలుగును తెరచి, వ్రేళ్లను దాని త్రోవకు దూరముగా నుంచి, వెన్నువైపు నుండి మెల్లగా నొక్కి చూడవలెను. అది కదలినచో ఆ చాకు పండ్లకును కాగితములకును మాత్రమే పనికివచ్చును.

మడవని చాకునకు కీలు లేదు గనుక కీలు విరుగు భయము లేదు. అయినను దాని బలము కంటికి కనబడని చోట ఉన్నది. అలుగునుండి పిడిలోనికి పోవు ఉక్కు పిడి చివరి వరకు పోయినచో చాకు దృఢమైనది. పిడిలో రెండంగుళములు మాత్రమే దూరి బంకతో నిలిచినచో బలమైన పని పడగానే అచటనే విరుగును. పిడికి ఇరువైపుల చెక్కల నడుమ ఉక్కుపట్టీ కనబడుట మంచి గుర్తు.

ఉక్కు సంగతి

ఇనుమునకు కొద్దిపాటి కర్బనము చేరినచో ఉక్కు అగును. ఈ విద్యలో మన ప్రాంతమునకు పెద్ద పేరు కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరిగించి చేసిన ఉక్కుముద్దలు పారశీక దేశమునకు పోయెడివి. పాశ్చాత్యులు దానిని ఊట్స్ అనిరి; ఆ పేరు మన ఉక్కు అను మాటకే వికృతియని పండితుల అభిప్రాయము. దానియందు కర్బనము సుమారు 1.5 శాతము. 1795లో జార్జి పియర్సన్ ఆ ఉక్కును గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. తరువాత మైకేల్ ఫారడే అంతటివాడు కత్తుల తయారీదారుడైన స్టోడార్టుతో కలిసి దాని రహస్యమును ఛేదింప యత్నించి 1820, 1822 సంవత్సరములలో తన పరిశోధనలను ప్రకటించెను.

నేడు యాత్రికుని ముందు రెండు జాతుల ఉక్కులు కలవు. కర్బనపు ఉక్కు సులభముగా పదునెక్కును, సానరాయిపై కొలది నిమిషములలో తిరిగి వాడియగును. కాని నిమ్మరసము, చింతపులుసు, ఉప్పునీరు తగిలినచో నల్లబడి తుప్పుపట్టును. రెండవది తుప్పుపట్టని ఉక్కు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ సుమారు 13 శాతము క్రోమియము కలిపి దీనిని సాధించెను. క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి లోహముపై కంటికి కనబడని పలుచని పొరయై కాపాడును. తడి ప్రదేశములకు, సముద్రతీరమునకు, అశ్రద్ధగల యజమానికి ఇదియే తగును. ప్రతి రాత్రి తుడిచి చుక్క నూనె రాయగలవానికి కర్బనపు ఉక్కు చాల కాలము సేవ చేయును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. చాకును చేయువారు కర్బనపు ఉక్కును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి నూనెలోనో నీటిలోనో ముంచుదురు. అప్పుడది మిక్కిలి కఠినమగును గాని గాజువలె పెళుసుగా నుండును. తిరిగి దానిని 200 డిగ్రీల సమీపమున కొంతసేపు ఉంచి పెళుసుతనము తగ్గింతురు. ఈ సమతూకమే చాకునకు ప్రాణము. శిబిరములలో చాకుతో నిప్పులు కెలుకుట, మొనకు గ్రుచ్చి మాంసము కాల్చుట మనమెరిగినవే. నిప్పుల వేడి 200 డిగ్రీలకు ఎన్నో రెట్లు. అందు పెట్టిన అలుగు మెత్తబడును. మరి ఎంత సానపట్టినను పదును నిలువదు. వీధిలోని సానచక్రముపై నిప్పురవ్వలు రాలునట్లు ఒత్తి పట్టినను ఇదియే జరుగును. అంచు నీలివర్ణమునకు తిరిగినచో ఆ చోట చాకు చెడినదని గ్రహించవలెను.

అడవిని బట్టి అలుగు

వేర్వేరు దేశముల కత్తులను చూచినచో పనికిని రూపమునకును గల సంబంధము స్పష్టమగును. ఫిన్లండు వాసుల పుక్కో అరచేతి వెడల్పునకు కొంచెము అటునిటు పొడవు గల చిన్న చాకు. బర్చి, దేవదారు వంటి మెత్తని కట్టెను చెక్కుటకును, చేపలను శుభ్రపరచుటకును అది చాలును. చెట్టు నరుకుటకు వారివద్ద గొడ్డలి ఉండును. దక్షిణ అమెరికాలోని ఉష్ణారణ్యములలో కట్టెకన్న పచ్చి తీగలును పొదలును ఎక్కువ. అవి దెబ్బకు వంగిపోవును. వేగముగా విసరదగిన పొడవైన పలుచని మచెటె అచట పుట్టినది. నేపాలు కొండలలోని కుక్రీ మొనవైపు బరువై ముందునకు వంగి ఉండును. అందువలన గొడ్డలి పనిని కొంతవరకు తానే చేయును. మన మచ్చుకత్తి, కొడవలి కూడ ముళ్లకంపకును, చెరకునకును, మేతకొమ్మలకును తగినట్లు వంపు తిరిగినవి.

వీనిలో ఏదియు మరియొకదానికన్న గొప్పది కాదు. చలనచిత్రములో చూచిన పెద్ద కత్తిని కొని ఉల్లిపాయ తరుగబోవుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. పుక్కోతో ముళ్లపొద నరుకబోవుట మరియొక అవివేకము.

ఏ యాత్రకు ఏది?

ఒకనాటి వనభోజనమునకు, బెలుము గుహలకో యాగంటికో పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు యాత్రకు, రెండున్నర నుండి మూడంగుళముల అలుగు గల మడతచాకు చాలును. పండ్లు, దారము, పొట్లములు, దోసకాయలు దాని పరిధి. కొబ్బరికాయను దానితో పగులగొట్టరాదు.

వంట చేసికొను 7 రోజుల శిబిరమునకు లెక్క వేరు. ఏబదిమందికి కూరగాయలు తరుగవలెనన్న చాకుకన్న కత్తిపీట మేలు. దానియందు కత్తి కదలదు. పీటను కాలితో అదిమిపట్టి రెండు చేతులతో వస్తువునే కత్తివైపు నడుపుదుము. చేయి జారి కత్తి ఎగురు ప్రమాదము దీనిలో లేదు. అలవాటున్నవారే దానిపై కూర్చుండవలెను. దానికి తోడు ఒరతో కూడిన నాలుగంగుళముల మడవని చాకొకటి శిబిరనాయకుని వద్ద ఉండిన త్రాళ్లకును, గుంజలకును ఉపయోగపడును. ప్రతి విద్యార్థియు ఒక చాకు తెచ్చుట అనవసరము. ఎన్ని చాకులో అన్ని ప్రమాదములు.

నదిపై పడవ ప్రయాణమునకును, సముద్రతీరమునకును తుప్పుపట్టని ఉక్కు కావలెను. మొన వాడిగా ఉండరాదు. ఊగుచున్న పడవలో వాడిమొన ప్రక్కవానికి అపాయము. తడిసిన త్రాడు నున్నని అంచునకు జారును గనుక అంచులో కొంత భాగము రంపపు పండ్లవలె ఉన్నచో మంచిది. చాకును సన్నని త్రాటితో నడుమునకు కట్టుకొనవలెను. నీట పడినది తిరిగి రాదు. అయితే పడవ ఎక్కువానికి చాకుకన్న ముందు ప్రాణరక్షక కవచము ముఖ్యమని వేరుగ చెప్పనక్కరలేదు.

పర్వతారోహణమున ప్రతి గ్రాము బరువును మోయవలసినదే. డార్జిలింగులో 1954లోను, ఉత్తరకాశిలో 1965లోను నెలకొన్న పర్వతారోహణ సంస్థలలో శిక్షణకు మన రాష్ట్రముల విద్యార్థులు పోవుట కలదు. అట్టివారికి చిన్న కత్తెర, డబ్బా మూత తీయు పరికరము, స్క్రూడ్రైవరు కలసిన జేబుచాకు తగినది. స్విట్జర్లండులో కార్ల్ ఎల్సెనర్ 1891లో తన దేశపు సైనికులకు చాకులు అందించి, 1897లో అధికారుల చాకును రూపొందించెను. నేడు ప్రపంచమంతట జేబులలో తిరుగు ఆ ఎఱ్ఱని చాకు మూసినపుడు సాధారణముగా 91 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే. కొండపై మరువరాని నియమమొకటి కలదు. బరువు మోయుచు బిగిసియున్న త్రాటికి వాడి అంచు తాకినంత మాత్రమున అది తెగిపోవును. త్రాటిపై మనిషి ఉండగా దాని చెంత చాకు తెరువరాదు.

ఇక అడవి. గుర్తించిన దారిన నడచి ఒక రాత్రి గడుపువానికి నాలుగంగుళముల దృఢమైన మడవని చాకు అన్నివిధముల చాలును. పచ్చని కొమ్మలు నరుకుటకు పెద్దకత్తి కావలెనను వాదము తగదు. పచ్చికట్టె సరిగా మండదు; నరుకుట వనమునకు అపకారము. పొయ్యి వెలిగించుట అనుమతించిన చోట రాలిన ఎండుపుల్లలు చాలును. అయితే అడవికి చాకు తీసికొనిపోవుటకు పూర్వము తెలిసికొనవలసిన చట్టమొకటి ఉన్నది.

చట్టము ఏమనుచున్నది?

మన విద్యార్థులలో చాలమందికి ఈ సంగతి తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము అభయారణ్యములోనికి ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఎవరును ఆయుధముతో ప్రవేశింపరాదు. ఆ చట్టము ఆయుధము అను మాటకు ఇచ్చిన నిర్వచనములో తుపాకులు, వలలు, ఉచ్చులతోపాటు కత్తులును చేరియున్నవి. నల్లమలలో అధికభాగము ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్ శ్రీశైలం, తెలంగాణలోని అమ్రాబాద్ పులుల సంరక్షణ ప్రాంతములకు చెందినది. కావున అచటికి పోవు బృందము ముందుగా అటవీశాఖను అడిగి, అనుమతి లేనిచో చాకును ఇంటనే ఉంచవలెను. పండ్లను కోసి డబ్బాలో పెట్టుకొనిపోవుట కష్టమేమియు కాదు.

ఆయుధ చట్టము, 1959 క్రింది నియమములు 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల కత్తులను ఆయుధములలో చేర్చినవి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక ప్రయోజనములకై చేసినవి దీనికి మినహాయింపు. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన బొత్తాము నొక్కగా తెరచుకొను చాకులపై 7.62 సెంటీమీటర్ల పొడవు నుండియే ఆంక్ష విధించెను. విమానములో చాకును చేతిసంచిలో ఉంచరాదు. అప్పగించు సామానులో ఉంచవలెను. చాకు మనకు పనిముట్టు కావచ్చును. సంచి తెరచి చూచువానికి అది ఆయుధముగా తోచవచ్చును. చిన్నది, సామాన్యమైనది, అవసరమునకు తగినది మాత్రమే తీసికొనిపోవుమనుటకు ఇది మరియొక కారణము. శిబిరము ముగిసి ఊరు చేరిన పిమ్మట కళాశాల సంచిలో చాకునకు చోటు లేదు.

పదునైన చాకే సురక్షితము

మొండికత్తి క్షేమకరమని కొందరి భ్రమ. భౌతికశాస్త్రము చదివిన వారికి ఈ విషయము సులభముగా బోధపడును. ఒత్తిడి అనునది బలమును వైశాల్యముచే భాగించగా వచ్చునది. అంచు సన్నగిలిన కొలది తక్కువ బలముతో వస్తువు తెగును. అంచు మొద్దుబారినచో ఆ లోటును చేతిబలముతో పూరింతుము. ఆ బలముతో కత్తి జారినపుడు అది ఆగుచోటు మన చేతిలో లేదు.

పదునుపెట్టుటకు తడిపిన సానరాయి చాలును. వంటింటి చాకునకు ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీలు, బయటి మొరటు పనులకు 20 నుండి 25 డిగ్రీలు ఉండునట్లు అలుగును వంచి, రెండు వైపుల సమానముగా రాయవలెను. ఆద్యంతము ఒకే కోణము నిలుపుటయే ఈ విద్యలోని కష్టము. పదునును వ్రేలితో పరీక్షింపక కాగితమును కోసి చూడవలెను.

వాడుకలో పాటింపవలసిన నియమములు కొన్ని. కోత ఎల్లప్పుడు శరీరమునకు దూరముగా సాగవలెను. తొడపై వస్తువు నుంచి కోయరాదు. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళము కలదు. చేయి చాచినంత దూరములో మరియొకరు ఉన్నచో చాకు తెరువరాదు. ఇతరులకు ఇచ్చునపుడు పిడి వారివైపు ఉండవలెను. జారవిడిచిన చాకును పట్టుకొన యత్నింపక కాలు వెనుకకు తీసికొనవలెను. రంధ్రము చేయుటకు బరమా, మేకు తీయుటకు శ్రావణము ఉన్నవి. ఆ పనులు చాకువి కావు.

ఇంత జాగ్రత్తపడినను గాయమైనచో శుభ్రమైన గుడ్డతో గాయముపై గట్టిగా అదిమిపట్టి, చేతిని ఎత్తి ఉంచవలెను. కాఫీపొడి, పసుపు, సున్నము, మట్టి ఏదియు వేయరాదు. రక్తము ఆగిన చిన్న గాయమును శుభ్రమైన నీటితో కడిగి కట్టు కట్టవలెను. లోతైన గాయమైనను, వ్రేలు వంగకున్నను, స్పర్శ తెలియకున్నను ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను. ధనుర్వాతపు సూది సంగతి ఆయననే అడుగవలెను. కావున చాకు పోవు ప్రతి శిబిరమునకు ప్రథమ చికిత్స పెట్టెయు పోవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ వత్సరమును మీరు శిబిరములకు బయలుదేరుదురు. సంచి సర్దుకొనునపుడు చాకును చేతిలోనికి తీసికొని, దీనితో నేను ఏమి చేయబోవుచున్నానని ఒకమారు ప్రశ్నించుకొనుడు. సమాధానము దొరకినచో అది తగిన చాకో కాదో మీకే తెలియును. దొరకనిచో దానిని ఇంటనే ఉంచుడు. నేను ఆ ప్రశ్న వేసికొనక కొన్న ఇత్తడిపూల చాకు ఎచట పోయినదో నాకు తెలియదు. అది చేసిన గాయము మాత్రము ప్రతి ఉదయము సుద్దముక్క పట్టుకొనునపుడు జ్ఞాపకము వచ్చును. ఆ వంటపెద్ద చేతిలోని నల్లని చాకు వంటిది మీ చేతిలో ఉండవలెనని నా కోరిక.